పచ్చి × ______ : ఒక ఖాళీని పూరించిన తీరు (కేస్ స్టడీ)

విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలు వారాంతపు తెలుగు క్లాసుల్లో వాడే అభ్యాస పుస్తకాలకూ, వాటికి జతగా వచ్చే చిన్న నిఘంటువుకూ నేను సంపాదకత్వం చేస్తుంటాను. పుస్తకంలో వ్యతిరేక పదాల పాఠం ఒకటుంది. ఎడమ పక్క మాట, మధ్యలో ఇంటూ గుర్తు, కుడి పక్క ఖాళీ. మనమంతా బళ్ళో చేసిందే. అందులో ‘పచ్చి × ____’ అని ఒక ప్రశ్న, వెనక జవాబుల పేజీలో దానికి ‘పండు’ అని జవాబు. పాత ముద్రణల నుంచీ అలాగే వస్తోంది.

ఒక టీచరమ్మ నుంచి మెయిల్ వచ్చింది. ఆమె క్లాసులో ఒక పాప ‘ఎండు’ అని, ఒక బాబు ‘ఉడికిన’ అని, మరొకడు ‘వండిన’ అని రాశారట. జవాబుల పేజీ ప్రకారం ముగ్గురికీ సున్నా. పాప వాళ్ళ అమ్మమ్మ మాత్రం ఊరుకోలేదు. “పచ్చిమిరపకాయలు, ఎండుమిరపకాయలు అని రోజూ అంటూనే ఉంటాం కదండీ, మా పిల్ల రాసింది తప్పెలా అయింది?” అని టీచరమ్మను నిలదీశారు. ఆమె ఆ ప్రశ్నను అలాగే మాకు పంపి, “అమ్మమ్మగారికి ఏం చెప్పమంటారు?” అని అడిగారు.

అమ్మమ్మగారి మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ‘పండు’ తప్పని కూడా అనలేం. ఆ ఖాళీలో ఏం పెట్టాలన్నది తేల్చడానికి మేం పట్టిన దారిని ఇక్కడ రాస్తున్నాను. నిఘంటువు పని చేసేవాళ్ళకూ, ప్రశ్నపత్రాలు తయారుచేసే టీచర్లకూ పనికొస్తుందని నా ఉద్దేశం.

మొదట వచ్చిన రెండు సలహాలు

జవాబుల పేజీలో గీతలు పెట్టి ‘పండు / ఎండు / ఉడికిన / వండిన’ అని నాలుగూ వేసేస్తే గొడవ వదిలిపోతుందని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. అలా వేస్తే ఆ నాలుగూ ఒకదాని బదులు ఒకటి వాడుకోవచ్చని పిల్లలు అనుకుంటారు. ఇంట్లో తెలుగు తక్కువగా వినే పిల్ల రేపు ‘పచ్చి పాలు × పండు పాలు’ అని రాస్తే తప్పు ఆ పిల్లది కాదు, మనది.

రెండో సలహా సంస్కృతం బాగా చదువుకున్న సహ సంపాదకుడిది. పచ్చి అంటే అపక్వం, కాబట్టి వ్యతిరేకం పక్వం, ఒక్క మాటతో తేలిపోతుందన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. సంస్కృతంలో ‘పక్వం’ వండినదానికీ చెల్లుతుంది, పండినదానికీ చెల్లుతుంది. అన్నం పక్వమే, మామిడిపండూ పక్వమే. తెలుగు రెండు క్రియలతో చెప్పేదాన్ని సంస్కృతం ఒక్కదాంతో చెప్తుంది. హిందీవాళ్ళకూ కచ్చా, పక్కా అని చక్కటి జత ఉంది. కానీ ఎండుమిరపకాయను పక్వమైన మిరపకాయ అని ఎవరంటారు? పచ్చిగడ్డికి వ్యతిరేకం పక్వమైన గడ్డి అంటే గేదె కూడా నవ్వుతుంది. పైగా పిల్లలు నేర్చుకోవలసింది వంటింట్లో, బజారులో పనికొచ్చే మాట.

ఈ వాదనలో మాకు ఒకటి స్పష్టమైంది. మేం వెతుకుతున్నది అర్థాన్ని తిరగేస్తే వచ్చే మాట కాదు. తెలుగువాళ్ళు నిజంగా పచ్చికి ఎదురుగా నిలబెట్టే మాట.

నిఘంటువుల్లో ఎంత దొరికింది

బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఇంగ్లీషు మాటల్ని అక్షర క్రమంలో కాకుండా భావాల వారీగా పేర్చి, ఎదురెదురు భావాలను పక్కపక్క వరుసల్లో అచ్చువేసిన రోజెట్ థెసారస్ కూడా లండన్‌లో ఆ ఏడాదే వెలువడింది. మన నిఘంటువులు ఆ దారి పట్టలేదు. బ్రౌన్ గానీ, 1885 నాటి శబ్దరత్నాకరం గానీ అర్థాలు చెప్తాయి, ఎదురు మాటల్ని జతగా ఇవ్వడం వాటి పని కాదు. కాబట్టి పాత పుస్తకాల్లో అర్థాల జాబితా దొరుకుతుంది, జతలు మాత్రం మనమే ఏరుకోవాలి.

ఏరడానికి వంటల పేజీలు, పత్రికల్లో మార్కెట్ ధరలు, వ్యవసాయ శీర్షికలు, ఇళ్ళలో వినబడే మాటలు పెట్టుకున్నాం. ‘పచ్చి’ ఒంటరిగా ఎక్కడా దొరకలేదు. ఎక్కడ చూసినా ఏదో ఒక నామవాచకం చేయి పట్టుకునే ఉంది. పచ్చిమిర్చి, పచ్చి మామిడికాయ, పచ్చి పాలు, పచ్చి కొబ్బరి, పచ్చి రొయ్యలు, పచ్చిమేత, పచ్చి వడ్లు, పచ్చి బియ్యం, పచ్చి పసుపు, పచ్చి ఇటుక, పచ్చి కుండ, పచ్చి గోడ, పచ్చి కట్టెలు, పచ్చి పుండు, పచ్చి బాలింత, పచ్చిపులుసు, పచ్చిరొట్ట ఎరువు, పచ్చి అబద్ధం, పచ్చి తాగుబోతు, పచ్చి బూతులు. “పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు” అనే మాట సరేసరి.

‘ని’ పరీక్ష

ఈ కుప్పను విడగొట్టడానికి మాకు దారి చూపింది తెలుగు వ్యాకరణమే. మన క్రియలకు వ్యతిరేక విశేషణ రూపం ఉంది: పండని, ఎండని, ఉడకని. ‘పచ్చి’ ఉన్న ప్రతిచోటా దాన్ని తీసేసి, అర్థం చెడకుండా ఏ ‘–ని’ రూపం పెట్టొచ్చో చూశాం. పచ్చి పాలు అంటే కాగని పాలు. పచ్చి మామిడికాయ పండని కాయ. పచ్చి మాంసం ఉడకని మాంసం, పచ్చి కుండ కాలని కుండ, పచ్చి రవ్వ వేగని రవ్వ, పచ్చి కొబ్బరి ఎండని కొబ్బరి, పచ్చి గోడ ఆరని గోడ, పచ్చి పుండు మానని పుండు.

అంటే ‘పచ్చి’ పైకి కనబడకపోయినా లోపల వ్యతిరేకాన్ని మోస్తోంది. జరగవలసిన పని ఇంకా జరగలేదని చెప్పే మాట అది. ఆ ‘–ని’ తీసేసి జరిగినట్టు చెప్తే ఎదురు మాట దానంతట అదే వస్తుంది: కాగిన, పండిన, ఉడికిన, కాలిన, వేగిన, ఎండిన, ఆరిన, మానిన. ఆ క్రియలన్నీ వస్తువుకు దానంతట అది జరిగేవి. మనం చేసే పనిగా చెప్పేటప్పుడు వాడుకలో కాచిన పాలు, కాల్చిన ఇటుక, వేయించిన రవ్వ అవుతాయి. ఏ రూపం ఎక్కువగా వినబడితే దాన్నే రాసుకున్నాం.

పిల్లలకు చెప్పడానికి ఇదే పరీక్షను మాటల్లోకి మార్చాం. “ఏమయ్యేదాకా అది పచ్చి?” అని అడగమన్నాం. కాగేదాకా పాలు పచ్చివే. కాలేదాకా ఇటుక పచ్చిదే. వంటలు రాసేవాళ్ళు మాకు తెలియకుండానే ఈ పరీక్ష ఎప్పుడో పెట్టేశారు. ‘పచ్చివాసన పోయేదాకా వేయించాలి’ అనని రెసిపీ ఉందా?

ఆ తర్వాత రెండో అడుగు. వచ్చిన క్రియారూపానికి బదులు వాడుకలో ఇంకా పొట్టి మాట, స్థిరపడిన పేరు ఉందేమో చూడాలి. ఎండిన కొబ్బరి అనం, ఎండు కొబ్బరి అంటాం. ఎండిన అల్లానికి శొంఠి అని వేరే పేరే ఉంది. ఎండిన వంకాయ ముక్కలు వరుగులు. వేయించిన శనగలు పుట్నాలు. పచ్చిమేతకు ఎదురు ఎండుమేత అని పాడి రైతులు అలవోకగా అంటారు. నిఘంటువులో ఎక్కవలసింది ఈ పేర్లే.

వడ్లు, బియ్యం

ఈ కేసులో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇది, అందుకే కాస్త విడమర్చి రాస్తాను.

మాది జగిత్యాల వైపు. కోతల కాలంలో మా చిన్నాయనకు ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే మాట. “వడ్లు పచ్చిగున్నయ్ బిడ్డా, ఇంకా రెండెండలు గావాలె.” కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే తీసుకోరు. అందుకే కల్లాల్లో, రోడ్ల మీద ఆరబోతలు. ఇక్కడ పచ్చి అంటే ఆరని. ఎదురు మాట ఆరిన వడ్లు, లేదా ఎండిన వడ్లు.

ఆ వడ్లే ఆరి, మిల్లుకు వెళ్ళి, పొట్టు ఊడి బియ్యమయ్యాయి. ఇప్పుడు వాటిని ఏమంటారు? పచ్చి బియ్యం! ఎండకు ఎండిన వడ్ల నుంచి వచ్చింది పచ్చి బియ్యం. దీనికి ఎదురు మాట ఎండు బియ్యం కాదు, అలాంటి మాటే లేదు. ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, మళ్ళీ ఆరబెట్టి ఆడిస్తే వచ్చేవి ఉప్పుడు బియ్యం. ఆ ఆవిరి తగలనివి పచ్చి బియ్యం. గింజ ఒకటే, పొలం ఒకటే. పొట్టు ఊడగానే ‘పచ్చి’ లోపలి క్రియ మారిపోయింది, దాంతోపాటు ఎదురు మాటా మారిపోయింది.

ఈ జత ఎంత స్థిరమైందో తెలంగాణవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2021–22 యాసంగి వడ్ల కొనుగోలు మీద కేంద్రానికీ రాష్ట్రానికీ నడిచిన పంచాయితీ అంతా ఈ రెండు మాటల చుట్టూనే. ఉప్పుడు బియ్యం తీసుకునేది లేదని కేంద్రం, ఎండాకాలం వడ్లను ఆవిరి పట్టకుండా ఆడిస్తే నూకలైపోతాయని రాష్ట్రం. పత్రికలు రా రైస్, బాయిల్డ్ రైస్ అని కూడా రాశాయి, కానీ ఊళ్ళో రచ్చబండ దగ్గర పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమే నడిచాయి. అంతమంది నోట నలిగిన జతను వ్యతిరేక పదాల పట్టికలో చేర్చకపోతే ఇంక పట్టిక ఎందుకు?

పసుపు కూడా కొంతవరకు ఇలాంటిదే. తవ్విన కొమ్ములను ఉడకబెట్టి ఆ తర్వాత ఎండబెడతారు. పచ్చి పసుపు ఎండు పసుపు కావడానికి మధ్యలో రెండు పనులున్నాయి. నిజామాబాద్ యార్డులోనైనా, దుగ్గిరాల యార్డులోనైనా ఎదురు మాట ఎండు పసుపే, ఉడికిన పసుపు కాదు. చివరి పని ఏదో దాని పేరే నిలిచింది.

అమ్మమ్మగారి మిరపకాయ

ఇప్పుడు అసలు తగాదా దగ్గరికి వద్దాం. మిరపకాయకు ‘–ని’ పరీక్ష పెడితే రెండు జవాబులూ వస్తాయి. పండని మిర్చి, ఎండని మిర్చి. రెండూ వాడుకలో ఉన్నవే. చెట్టు మీద ఎర్రబడ్డది పండుమిర్చి, దాన్ని కోసి పచ్చడి పడతాం. ఆ పండుమిర్చినే కళ్ళంలో ఆరబోస్తే ఎండుమిర్చి. పచ్చి, పండు, ఎండు మూడు మెట్లు. మెట్టు మెట్టుకూ పేరున్నప్పుడు మొదటిదానికి ఎదురు ఏది?

కొట్టుకు వెళ్ళి చూస్తే తేలింది. “మిరపకాయలు ఇవ్వండి” అంటే కొట్టాయన అడిగేది, “పచ్చియా అమ్మా, ఎండువా?” అని. పండుమిర్చి ఏడాదిలో కొన్నాళ్ళే వస్తుంది, కావాలనుకున్నవాళ్ళు పేరు పెట్టి అడుగుతారు. మనిషి ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఎదురుపడే రెండు మాటలే నిజమైన జత. మూడో అడుగుగా దీన్ని పెట్టుకున్నాం: ఆ వస్తువు అమ్మేవాళ్ళు, వాడేవాళ్ళు “ఇదా, అదా?” అని అడిగేటప్పుడు ఏ రెండు మాటలు అంటారో వినాలి. కాబట్టి మిర్చి విషయంలో అమ్మమ్మగారిదే పైచేయి.

మరి జవాబుల పేజీలో ‘పండు’ ఎలా వచ్చిపడింది? తిరగేసి చూస్తే అర్థమైంది. ‘పండు’కు వ్యతిరేక పదం చెప్పమంటే తెలుగువాళ్ళు ‘పచ్చి’ అనరు, ‘కాయ’ అంటారు. మామిడికాయ, మామిడిపండు. కాయా పండా అని అడుగుతాం. కాయ అన్నాక పచ్చి అని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ‘పచ్చి మామిడికాయ’ అన్నది నొక్కి చెప్పడానికే. కాయ × పండు అనే జతలో కాయ పక్కన ఉండే పచ్చిని ఎవరో పట్టుకొచ్చి పండుకు ఎదురుగా నిలబెట్టారు. పైగా కాయకూ పండుకూ మధ్య దోర ఉంది. దోర జామకాయ తిన్నవాళ్ళెవరూ ఇది రెండు ముక్కల వ్యవహారమని ఒప్పుకోరు.

ఇలా వెనక్కి తిప్పి చూడటం నాలుగో అడుగైంది. ప్రతి జతకూ ఇది అవసరం, ఎందుకంటే జత ఒక వైపు నుంచి కుదిరి రెండో వైపు నుంచి కుదరకపోవచ్చు. ఎండుద్రాక్షకు ఎదురు పచ్చి ద్రాక్ష అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పచ్చి ద్రాక్ష అంటే పండని, పుల్లగా ఉండే ద్రాక్ష. ఎండుద్రాక్షకు ఎదురుగా ఉండేది వట్టి ‘ద్రాక్ష’.

మేస్త్రీ చెప్పిన తేడా

ఎండిన, ఆరిన, పొడి అనే మూడింటినీ ఒకే గాటన కట్టేద్దామని మా బృందంలో కొందరికి ఉండేది. అప్పట్లో మా ఇంట్లో ప్రహరీ గోడ పని నడుస్తోంది. ముందు రోజు వాన పడింది. రంగు వేయవచ్చా అని తాపీ మేస్త్రీని అడిగాను.

“గోడ ఇంకా పచ్చిగానే ఉన్నట్టుంది కదా?”

“పచ్చి కాదమ్మా, తడి. పచ్చి ఎప్పుడో పోయింది. ఇది వాన తడి, ఎండ కాస్తే సాయంత్రానికి పోద్ది.”

ఆయన మాటలో రెండు వేర్వేరు జతలున్నాయి. తడి × పొడి ఒకటి, అటూ ఇటూ ఎన్నిసార్లయినా మారొచ్చు. పచ్చి × ఆరిన మరొకటి, ఇది ఒక్కసారే జరుగుతుంది. సిమెంటు గట్టిపడ్డాక ఎన్ని నీళ్ళు పోసినా గోడ మళ్ళీ పచ్చిది కాదు. అసలు ప్లాస్టరింగ్ అయ్యాక రోజూ నీళ్ళు కొట్టేది సిమెంటు బాగా గట్టిపడటానికే. ఉడికినది మళ్ళీ ఉడకనిది కాలేదు, పండింది మళ్ళీ కాయ కాలేదు. పచ్చి జతలన్నింటిలో ఈ గుణం ఉంది. గోడకు తడి × పొడి రాసిన పిల్లకు మార్కు వేయాలా వద్దా అన్న ప్రశ్నకు దీంతో జవాబు దొరికింది: వేయకూడదు.

కుమ్మరి దగ్గర ఇంకో తేడా. చేసిన కుండను నీడలో ఆరబెడతారు, ఎండలో ఎండబెడతారు. అప్పటికీ అది పచ్చి కుండే. ఎండింది కదా అని నీళ్ళు పోస్తే మట్టి ముద్ద అవుతుంది. ఆవంలో కాలాకే పచ్చితనం పోతుంది. ఇటుకా అంతే, బట్టీకి వెళ్ళనంతవరకు పచ్చి ఇటుకే. ఇక వడ్రంగి కలపను ‘ఎండు’ అనడు, ‘ఆరిన’ కలప అంటాడు. పచ్చి చెక్కతో తలుపు చేస్తే వంగిపోతుంది. ఎండు కట్టెలు పొయ్యిలోకి, ఆరిన కలప తలుపులోకి. ఈ తేడాలు పుస్తకాల్లో కూర్చుంటే దొరికేవి కావు. ఏ మాట ఏ పనివాళ్ళదో వాళ్ళనే అడగాలి.

జత లేని చోట

పచ్చి అబద్ధానికి ‘ని’ పరీక్ష పెట్టండి. ఉడకని అబద్ధమా? మానని అబద్ధమా? ఏమయ్యేదాకా అది పచ్చి? ఏ జవాబూ లేదు. ఇక్కడ పచ్చి దేని స్థితినీ చెప్పడం లేదు, అబద్ధం అనే మాటకు బలం ఇస్తోంది. పచ్చి తాగుబోతు, పచ్చి మోసం, పచ్చి అవకాశవాది అన్నీ ఈ కోవే. వీటిలో ‘పచ్చి’కి వ్యతిరేకం ఉండదు. మొత్తానికి ఎదురు కావాలంటే పక్క మాటను తిప్పాలి: పచ్చి అబద్ధం × పచ్చి నిజం. పచ్చి మాత్రం కదలకుండా అక్కడే కూర్చుంటుంది.

హిందీ నుంచి వచ్చిన ‘పక్కా’ కూడా మన దగ్గర ఈ పనే చేస్తోంది. పచ్చి మోసం అన్నా, పక్కా మోసం అన్నా తిట్టు ఒకటే. కచ్చా–పక్కా జతను చూసి, పచ్చి ఎక్కడ కనబడితే అక్కడ పక్కాను ఎదురు పెట్టేద్దామనుకునేవాళ్ళు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర ఆగాలి.

‘పచ్చిగా మాట్లాడటం’ వేరు. అక్కడ ఎదురు ఉంది. పచ్చిగా చెప్పాలంటే అని మొదలుపెట్టేవాళ్ళు మానేసిన దారి ఏది? నాజూగ్గా చెప్పడం, సున్నితంగా చెప్పడం. అది రాసుకున్నాం.

‘పచ్చి మంచినీళ్ళు’ రెండు రకాలు. బాలింతకు పచ్చి నీళ్ళు ఇవ్వొద్దని పెద్దవాళ్ళంటే, కాచని నీళ్ళు. ఎదురు కాచి చల్లార్చిన నీళ్ళు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదంటే ఉత్త నీళ్ళు, వట్టి నీళ్ళు. దానికి ఎదురు లేదు. పచ్చిపులుసు మరో రకం. మరిగించకుండా చేస్తారు కాబట్టి పరీక్షలో నెగ్గుతుంది, కానీ ఎదురుగా ‘మరిగిన పులుసు’ అని ఎవరూ అనరు. అది వంటకం పేరైపోయింది. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి దున్నే పచ్చిరొట్టకూ అంతే. ఎండు రొట్ట అని ఏ రైతూ అనడు. ఒక సహ సంపాదకురాలు దీనికి ఎదురు రసాయన ఎరువు కదా అన్నారు. అది ఎరువుల్లో రెండు పద్ధతుల మధ్య ఎదురు, ‘పచ్చి’కి ఎదురు కాదు. పట్టికలోకి రానివ్వలేదు.

కంప్యూటర్ మీద వదిలేస్తే

నిఘంటువును యాప్‌గా చేస్తున్నవాళ్ళు, ఇవన్నీ మనుషులు కూర్చుని చేయాలా, తెలుగు రాతల కుప్ప నుంచి ప్రోగ్రామే లాగేస్తుంది కదా అన్నారు. ఒకే రకమైన వాక్యాల్లో వచ్చే మాటలను దగ్గరివిగా లెక్కగట్టడం ఆ పద్ధతి. చిక్కల్లా ఏమిటంటే ఎదురు మాటలు కూడా ఒకే రకమైన వాక్యాల్లోనే వస్తాయి. ‘రెండు పచ్చిమిరపకాయలు వేయాలి’, ‘రెండు ఎండుమిరపకాయలు వేయాలి’. లెక్కకు అవి రెండూ చుట్టాలే. పర్యాయపదాలూ వ్యతిరేక పదాలూ కలగాపులగంగా ఒకే జాబితాలో వస్తాయి.

ప్రిన్స్‌టన్‌లో జార్జ్ మిల్లర్ బృందం 1985లో మొదలుపెట్టిన వర్డ్‌నెట్ అనే ఇంగ్లీషు పదాల డేటాబేస్ ఈ విషయంలో తెలివైన పని చేసింది. అందులో ఒకే అర్థం ఉన్న మాటలన్నీ ఒక గుంపు. కానీ వ్యతిరేక సంబంధాన్ని గుంపుకూ గుంపుకూ మధ్య కాకుండా, ఒక అర్థంలో ఒక మాటకూ మరో మాటకూ మధ్య కట్టారు. మా యాప్‌లో ఇంకో మెట్టు దిగి, పక్కనున్న నామవాచకాన్ని కూడా కట్టమన్నాను. ‘పచ్చి’ కింద ఒకే గడి ఉండదు. పచ్చి + పాలు, పచ్చి + బియ్యం అని దేని గడి దానిది.

చివరికి అచ్చయింది

పుస్తకంలో ‘పచ్చి × ____’ తీసేశాం. దాని చోట వాక్యాలు వచ్చాయి. ‘ఈ పాలు పచ్చివి కావు, ____ పాలు.’ ‘పులిహోర పోపులోకి పచ్చిమిర్చి కాదు, ____ మిర్చి తీసుకురా.’ ‘కుండ ఇంకా పచ్చిగా ఉంది, ఆవంలో ____ దాకా నీళ్ళు పోయకు.’ పచ్చి అబద్ధాన్ని ఈ పాఠంలో పెట్టలేదు, నుడికారాల పాఠంలోకి పంపాం. టీచర్ల పేజీలో, పాత పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళు ఆ ప్రశ్నకు జవాబుతో పాటు “దేని గురించి?” అని అడిగి, పిల్లలు చెప్పిన వస్తువుకు ఆ జవాబు సరిపోతే పూర్తి మార్కు వేయమని రాశాం. ఎండు రాసిన పాపకు మార్కు వచ్చింది. ఉడికిన రాసిన బాబు “కోడిగుడ్డు” అన్నాడట, వాడికీ వచ్చింది. వండిన అన్నవాడు కూర పేరు చెప్పి గట్టెక్కాడు.

నామవాచకం ఇచ్చినా తేలనిది ఒకటి మిగిలింది: పచ్చి పల్లీలు. చేలో అప్పుడే పీకినవైతే ఎండనివి, ఉడకబెట్టుకుని తింటాం. హైదరాబాద్ కిరాణా కొట్టులో అదే మాటకు వేయించని పల్లీలని అర్థం, అవి అప్పటికే బాగా ఎండినవి. మా చిన్నాయన పచ్చి పల్లీలకు ఎదురు ఎండు కాయ, మా వీధి కొట్టాయన పచ్చి పల్లీలకు ఎదురు వేయించినవి. నిఘంటువులో రెండూ వేసి, ఒకదాని ముందు ‘చేను’ అని, రెండోదాని ముందు ‘కొట్టు’ అని గుర్తు పెట్టాం. పిల్లల పుస్తకంలో మాత్రం పల్లీలను అడగలేదు.

పచ్చి బాలింత దగ్గర గడి ఖాళీగానే ఉంది. అర్థంలో ఇబ్బంది లేదు, కాన్పయి కొద్ది రోజులే అయిన మనిషి, ఒళ్ళింకా పచ్చిగా ఉన్న మనిషి. ఎదురు మాట కోసం అడిగినవాళ్ళంతా ఒక వాక్యం చెప్పారు తప్ప ఒక మాట చెప్పలేదు. వాడుకలో లేనిదాన్ని మేం పుట్టించలేం కాబట్టి అక్కడ అడ్డగీత పెట్టి వదిలేశాం.